ఆయాసం ఊపిరితిత్తుల్లో, అడ్డం గుండెలో: బెలూన్‌తో వాల్వు తెరిపించుకున్న నా అనుభవం

పడుకుంటే ఆయాసం వస్తోంది, లేచి కూర్చుంటే తగ్గుతోంది అని మీ ఇంట్లో ఎవరైనా అంటే దయచేసి అది ఉబ్బసం అనో నీరసం అనో మీలో మీరే తేల్చేసుకోకండి, ముందు గుండెకి ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. నాకు జరిగింది వివరంగా రాస్తున్నాను, కాస్త పొడుగే ఉంటుంది కానీ ఓపిక చేసుకుని చదవండి.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. ఇంట్లోనే మెషిన్ మీద జాకెట్లు, చుడీదార్లు కుడతాను, మా ఆయన కొబ్బరికాయల లోడింగ్ పని చూస్తారు. ఈ ఆయాసం నాకు మొదట తెలిసింది రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు. ఏడో నెల వచ్చేసరికి వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళి రావడానికే రొప్పు వచ్చేది. కడుపుతో ఉన్న మనిషికి ఆయాసం మామూలే అన్నారు అందరూ, అది అబద్ధం కూడా కాదు, చాలామందికి కాస్తో కూస్తో ఉంటుంది. కాకపోతే నాకు తర్వాత తెలిసిందేంటంటే ఆ నెలల్లో ఒంట్లో రక్తమే దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుందట, బిడ్డకి కూడా అందాలి కదా, అంత రక్తాన్నీ గుండే తిప్పాలి. గుండెలో ఎక్కడైనా దారి ఇరుగ్గా ఉంటే అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చింది ఇంక నెట్టలేదు. అందుకే చాలామంది ఆడవాళ్ళకి ఈ వాల్వు (గుండె గదుల మధ్య రక్తాన్ని ఒక పక్కకే పోనిచ్చే తలుపు) జబ్బు ఫస్ట్ బయటపడేది కడుపుతో ఉన్నప్పుడేనట.

బాబు పుట్టాక సర్దుకుంది. కొన్నేళ్ళు బాగానే గడిచింది, తర్వాత మెల్లమెల్లగా మళ్ళీ మొదలైంది. ఏటిగట్టు ఎక్కితే మధ్యలో ఆగాలి, బట్టలు ఉతికితే ఆగాలి, అంతవరకూ ఫరవాలేదు గానీ రాత్రిళ్ళు పడుకున్న గంటకో రెండు గంటలకో దగ్గొచ్చి మెలకువ వచ్చేది, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఊపిరి ఆడక లేచి అరుగు మీదకొచ్చి కూర్చుంటే కాసేపటికి తేలికపడేది. ఒక దిండు రెండు దిళ్ళయింది, ఆ తర్వాత గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర. ఒకట్రెండు సార్లు దగ్గులో గులాబీ రంగు నురగ పడింది, అది చూసి మా అత్తయ్య గారు టీబీ ఏమో అని హడలిపోయారు.

దగ్గర్లో టౌన్‌లో ఒక డాక్టరు గారు ఉబ్బసం అని పీల్చే మందు రాశారు, పెద్దగా గుణం కనపడలేదు. కళ్ళె పరీక్ష చేస్తే టీబీ లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 చిల్లర ఉంది, రక్తం తక్కువ అందుకే ఆయాసం అని ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. ఇదీ తీసిపారేసే మాట కాదండి. మనం పీల్చే ఆక్సిజన్ రక్తంలో ఊరికే కరిగిపోయి వెళ్ళేది చాలా తక్కువ, దాదాపు అంతా ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబినే మోసుకెళ్తుంది, ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు ఇనుము అణువులు, ఒక్కోదానికి ఒక్కో ఆక్సిజన్. అది తగ్గితే ఊపిరితిత్తులు ఎంత బాగున్నా సరుకు మోసేవాళ్ళు తక్కువైనట్టే, గుండె ఇంకా జోరుగా తిప్పాల్సి వస్తుంది. నాకు రక్తం తక్కువే, ఆ మాట నిజం, కానీ అసలు కథ అది కాదు. రక్తం తక్కువైన మనిషికి పడుకుంటే ఎక్కువై కూర్చుంటే తగ్గే ఆయాసం ఎందుకొస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

తర్వాత పాదాలు వాచాయి. మా వైపు కాళ్ళు వాస్తే అందరి నోటా మొదట వచ్చే మాట బోదకాలే, గోదావరి జిల్లాల్లో తరతరాలుగా చూస్తున్న జబ్బు, ఏటా ఇంటింటికీ వచ్చి బిళ్ళలు మింగించి వెళ్ళేవాళ్ళు. హెల్త్ వాళ్ళు రాత్రిపూట వచ్చి వేలికి పొడిచి రక్తం తీసుకెళ్ళారు. రాత్రే ఎందుకంటే ఆ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో ఉండే సన్నటి రక్తనాళాల్లో దాక్కుని రాత్రయ్యాక బయటి రక్తంలోకి వస్తాయి, రాత్రి కుట్టే దోమకి దొరకడానికి. ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఒంట్లో ఎక్కడ తిరిగే రక్తమైనా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి రావాల్సిందే అని నాకు మొదట తెలిసింది ఆ పురుగు వల్లే. ఆ జబ్బుకి వాడే డీఈసీ మందు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో పనిచేసిన పరిశోధకుల నుంచే వచ్చింది. ఆయనే అంతకుముందు హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి కండరాలకి శక్తినిచ్చే ఏటీపీని కనిపెట్టిన వాళ్ళల్లో ఒకరు, గుండె కొట్టుకునేది కూడా ఆ ఏటీపీతోనే. మన గోదావరి మనిషి గురించి మన పిల్లలకి ఇంకా బాగా తెలియాలి అని నా కోరిక, సరే అసలు విషయంలోకి వస్తాను.

పరీక్షలో ఏమీ లేదు. పైగా నాకు రెండు పాదాలూ సమానంగా వాచాయి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది. పీహెచ్‌సీలో కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు గారు ఆ గుంట చూసి, మెడ దగ్గర నరం ఉబ్బి ఉందని చూసి, "అమ్మా, ఎడం పక్కకి తిరిగి పడుకోండి" అన్నారు. స్టెతస్కోపు ఎడమ రొమ్ము కింద పెట్టి చాలాసేపు విన్నారు, ఊపిరి బయటకి వదిలి ఆపమన్నారు, మళ్ళీ విన్నారు. అంతకుముందు చూసిన వాళ్ళు అందరూ వీపు మీదే పెట్టి విన్నారు గానీ ఇలా పక్కకి తిప్పి వినలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు, "చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?" నాకు సరిగ్గా గుర్తులేదు, ఇంటికెళ్ళి మా అమ్మని అడిగితే ఠక్కున చెప్పింది. ఐదో తరగతిలో గొంతునొప్పి వచ్చి తగ్గాక మోకాళ్ళు వాచాయి, అవి తగ్గగానే చీలమండలు, తర్వాత మోచేతులు, అలా ఒకచోట తగ్గితే ఇంకోచోట, వాతం అని ఆకు పసరు కట్టారు, కొన్నాళ్ళకి అదే పోయింది, బడికి మళ్ళీ వెళ్ళాను.

పోలేదండి. అది రుమాటిక్ జ్వరం. గొంతులో స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా చేరితే దానిమీదకి మన ఒంటి రక్షణ దళం తయారవుతుంది కదా, కొంతమంది పిల్లల్లో ఆ దళం పొరపాటున సొంత కీళ్ళనీ గుండె వాల్వునీ కూడా శత్రువే అనుకుని కొడుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకి వస్తుంది. కీళ్ళు మచ్చ లేకుండా మానిపోతాయి, వాల్వు మానదు. ఏళ్ళ తరబడి మెల్లగా మందం అవుతూ అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

కాకినాడ పంపించారు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా బస్సులో వెళ్ళాం, కారు మాట్లాడదాం అన్నారు మా ఆయన, వద్దన్నాను. ఎకో గదిలో చల్లటి జెల్లీ రాసి ఒక పరికరం రొమ్ము కింద అద్ది తిప్పుతుంటే తెర మీద నా గుండె కనపడింది. అది ఎక్స్‌రే కాదు, చెవికి వినపడని శబ్దం లోపలికి పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో గీసే బొమ్మ, రక్తం ఎటు ఎంత వేగంతో పోతోందో రంగుల్లో తెలుస్తుంది. రిపోర్టులో మైట్రల్ వాల్వు (గుండె ఎడమ పక్క రెండు గదుల మధ్య ఉండేది) వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు అని రాశారు. మామూలు మనిషికి 4 నుంచి 6 ఉండాలి. ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తనాళంలో ఒత్తిడి 25 దగ్గర ఉండాల్సింది 62 ఉంది.

కార్డియాలజిస్టు గారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు, ఆయన చెప్పినంత ఓపిగ్గా నాకు బడిలో కూడా ఎవరూ చెప్పలేదు. గుండె ఒకటే కానీ పని చేసేది ఇద్దరి లెక్కన. ఒళ్ళంతా తిరిగి ఆక్సిజన్ ఇచ్చేసి నల్లబడి వచ్చిన రక్తం కుడి పక్కకి చేరుతుంది, కుడి పక్క దాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అక్కడ సుమారు 30 కోట్ల గాలి తిత్తులు, ఒక్కోదాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల వల. గాలికీ రక్తానికీ మధ్య అడ్డం ఉండే పొర మిల్లీమీటర్లో వెయ్యో వంతు కూడా ఉండదు. ఎర్రకణం ఆ వలలో ఉండేది ముప్పావు సెకనే, ఆ కాస్త టైములోనే బొగ్గుపులుసు గాలి దించేసి ఆక్సిజన్ ఎక్కించుకుంటుంది. ఎర్రబడిన ఆ రక్తం ఎడమ పై గదిలోకి వస్తుంది, అక్కడినుంచి మైట్రల్ వాల్వు దాటి ఎడమ కింది గదిలోకి, అది గట్టిగా పిండితే ఒళ్ళంతటికీ. మనిషిలో ఉండే రక్తం ఐదు లీటర్ల చిల్లర, ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి తోసేది కూడా ఐదు లీటర్లే, అంటే దాదాపు మొత్తం రక్తం నిమిషానికోసారి ఊపిరితిత్తుల్లోంచి చుట్టి వస్తోంది. మనం నిద్రలో ఉన్నా సరే.

అందులో నా దగ్గర ఇరుకైపోయింది ఆ ఎడమ పక్క ఉండే వాల్వు ఒక్కటే.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు, లాకులు, షట్టర్లు, ఎవరి తూముకి ఎంత నీళ్ళు అన్నదే ఆయన జీవితం. ఆ బొమ్మ చూపిస్తే ఒక్క నిమిషం చూసి, "తూము పూడుకుపోయిందే అమ్మడూ, పైన చేలు మునుగుతాయి, కింద చేలు ఎండుతాయి" అన్నారు. డాక్టరు గారికి ఈ మాట చెప్తే కరెక్టుగా అంతే అన్నారు. వాల్వు దాటలేని రక్తం ఎడమ పై గదిలో నిలిచిపోయి వెనక్కి ఎదురు తంతోంది, ఆ గది వెనక ఉన్నది ఊపిరితిత్తులే, అక్కడి సన్నటి నాళాల్లో ఒత్తిడి ఒక హద్దు దాటాక నీరు గాలి తిత్తుల్లోకి ఊరుతుంది, అదే దగ్గు, అదే గులాబీ నురగ. ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేదు, కానీ మునుగుతున్నాయి. ఆ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ కుడి గుండె అలిసిపోతే దాని వెనకున్న రక్తం కూడా నిలిచిపోతుంది, అప్పుడు మెడ నరం ఉబ్బుతుంది, పాదాలు వాస్తాయి. కింద చేలు ఎండడం అంటే ఒంటికి అందాల్సిన రక్తం అందక నీరసం, చేతులు చల్లబడడం.

పడుకుంటే ఎందుకు ఎక్కువవుతుందో కూడా అప్పుడే తెలిసింది. నిలబడ్డప్పుడు కాళ్ళల్లో కడుపులో నిలిచే రక్తం పడుకోగానే ఛాతీలోకి వచ్చేస్తుంది, పగలంతా కాళ్ళల్లో చేరిన నీరు కూడా మెల్లగా రక్తంలో కలుస్తుంది, ఇంత ఎక్కువ రక్తాన్ని కుడి పక్క ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది, ఎడం పక్క దాటించలేదు. లేచి కూర్చుంటే మళ్ళీ కిందికి దిగుతుంది. నేను అరుగు మీద కూర్చుని తేలికపడింది చల్లగాలికి కాదన్నమాట.

ముందు మందులతో ఒత్తిడి తగ్గించారు. నీరు పోయే మందు ఫ్యూరోసమైడ్, దాంతో పాదాల వాపు తీసేసింది. రెండోది మెటోప్రొలాల్, గుండె వేగం తగ్గించే మందు, ఇది నాకు భలే ఆశ్చర్యం. ఆయాసపడే మనిషికి గుండె ఇంకా నెమ్మది చేయడమేంటి అనిపించింది. లెక్క ఏంటంటే నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కో దెబ్బకి 0.8 సెకను, అందులో పిండడానికి 0.3, నిండడానికి 0.5. అదే 120కి పెరిగితే మొత్తం దెబ్బే అర సెకను, పిండే టైము పెద్దగా తగ్గదు, నిండే టైమే సగానికి పైగా తెగిపోతుంది. వాల్వు ఇరుకైన మనిషికి రక్తం దాటడానికి టైము కావాలి. అందుకే గట్టు ఎక్కితే, జ్వరమొస్తే, కంగారు పడితే కూడా నాకు రొప్పు వచ్చేసేది. మందు వేసుకున్న వారానికి నేను మళ్ళీ రెండు దిళ్ళకి వచ్చాను. ఉప్పు తగ్గించమన్నారు, ఇది మా ఇంట్లో పెద్ద గొడవ, ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు లేకుండా అన్నం ఎలా దిగుతుందని మా అత్తయ్య గారి బాధ, ఆవిడ కూడా నాతో పాటు మానేశారు, ఆ రుణం తీరేది కాదు.

మందులతో వాల్వు తెరుచుకోదు. గొంతులోంచి సన్నటి గొట్టం దించి ఇంకో ఎకో తీశారు, మింగేటప్పుడు ఇబ్బందే కానీ ఓర్చుకోవచ్చు. రక్తం నిలిచిన చోట గడ్డ కడుతుంది, అలాంటి గడ్డ పై గదిలో ఉండగా తీగ పెడితే అది ఊడి మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు, అందుకే ముందుగా ఇలా గొంతులోంచి గుండెని వెనక పక్క నుంచి చూస్తారు. నాకు గడ్డ లేదు, వాల్వుకి సున్నం పట్టలేదు, లీకు పెద్దగా లేదు, అంచులు అతుక్కున్నాయి అంతే. అలాంటి వాల్వుకి బెలూన్ పనిచేస్తుందన్నారు. ఈ బెలూన్ పద్ధతి 1982లో జపాన్ సర్జన్ కాంజీ ఇనౌయె మొదలుపెట్టింది, అంతకుముందు అయితే ఛాతీ కోయాల్సిందే. ఆరోగ్యశ్రీలో అయింది, మా జేబులోంచి పోయింది రాకపోకలు, తిండి ఖర్చులే.

క్యాత్ ల్యాబ్‌లో (గుండెలోకి తీగలు పంపి చికిత్స చేసే గది) మత్తు ఇవ్వలేదు, గజ్జ దగ్గర ఇంజక్షన్ చేసి మొద్దుబార్చారు అంతే, అన్నీ వినపడుతూనే ఉన్నాయి. కుడి గజ్జలో సిరలోంచి తీగ పైకి పంపి కుడి పై గదికి చేరారు, అక్కడినుంచి ఎడం పక్కకి దారి లేదు కదా, రెండు గదుల మధ్య గోడలో పలచగా ఉండే చోట సన్నటి కన్నం చేసి అటు దాటారు. దాటినప్పుడు "ఇప్పుడు గుండె దడగా ఉండొచ్చమ్మా, కంగారు పడకండి" అన్నారు. ఎడమ పై గదిలో ఒత్తిడి చూసి ఎవరో "27" అన్నారు. తర్వాత ముడుచుకున్న బెలూన్‌ని వాల్వు మధ్యలోకి తీసుకెళ్ళి మందు కలిపిన నీళ్ళతో ఉబ్బించారు, ఆ కొన్ని సెకన్లు వాల్వు మొత్తం మూసుకుపోయినట్టే కాబట్టి కళ్ళు బైర్లు కమ్మాయి, చెవుల్లో హోరు, అమ్మో అనుకునేలోపు బెలూన్ దించేశారు. ఇంకోసారి కాస్త పెద్దగా ఉబ్బించారు. మళ్ళీ ఒత్తిడి చూశారు. "11" అన్నారు. ఆ అంకె నా చెవిన పడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది, నర్సమ్మ నొప్పా అని అడిగింది, కాదన్నాను.

వార్డుకి తెచ్చాక కాలు మడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలన్నారు. వెల్లకిలా అనగానే భయపడ్డాను, ఎన్ని నెలలైందో అలా పడుకుని. దిండు లేకుండా పడుకున్నాను, దగ్గు రాలేదు. మా ఆయన పక్కన కూర్చుని మాటిమాటికీ లేపి ఊపిరి ఆడుతోందా అని అడుగుతూనే ఉన్నారు పాపం.

మర్నాడు ఎకోలో వాల్వు 1.7 వచ్చింది. 4 రాదు, రానక్కర్లేదు కూడా, 0.8 నుంచి 1.7 అంటే దారి రెట్టింపైంది, ఏటిగట్టు ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను. ఊపిరితిత్తుల నాళంలో ఒత్తిడి వెంటనే మొత్తం దిగలేదు, ఇన్నేళ్ళ ఒత్తిడికి ఆ నాళాలు కూడా బిగుసుకుపోయి ఉంటాయి, నెలల మీద తగ్గుతుందన్నారు, అలాగే తగ్గుతూ వచ్చింది.

కొన్నేళ్ళకి వాల్వు మళ్ళీ ఇరుకవ్వచ్చని, అప్పుడు ఇంకోసారి బెలూనో ఆపరేషనో అవసరం పడొచ్చని ముందే చెప్పారు. దాన్ని వాయిదా వేయడానికి మన చేతిలో ఉన్నది పెన్సిలిన్. మళ్ళీ స్ట్రెప్టోకోకస్ గొంతులో చేరితే మళ్ళీ వాల్వుకే దెబ్బ, అందుకని మూడు వారాలకోసారి బెంజాథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల ఇంజక్షన్, పిరుదుకి. చిక్కటి మందు, నొప్పిగా ఉంటుంది, రెండ్రోజులు కూర్చోవడం కష్టమే, అయినా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని వెళ్తాను. కనీసం 40 ఏళ్ళు వచ్చేదాకా, అవసరమైతే ఇంకా తర్వాత కూడా అన్నారు. చాలామంది బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానేస్తారని సిస్టర్ గారు చెప్పారు, మీకు ఈ ఇంజక్షన్ రాసి ఉంటే మానకండి, ఎంత నొప్పైనా మానకండి.

ఇంట్లో పిల్లలకి జ్వరంతో గొంతు ఎర్రబడి మింగడానికి కష్టంగా ఉందంటే మిరియాల పాలతో సరిపెట్టకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్తున్నాను. యాంటీబయాటిక్ ఇస్తే ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వేస్తాను, రెండో రోజుకే జ్వరం తగ్గినా సరే. ఒక కీలు వాచి తగ్గి ఇంకో కీలు వాచిందంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. మా వీధిలో ఒక పిల్లకి అలాగే ఉంటే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి డాక్టరు గారికి చూపించాను, ఆ పిల్లకి గుండెకి ఏమీ కాకముందే ఇంజక్షన్లు మొదలయ్యాయి.

మొన్న చెకప్‌లో వాల్వు 1.6 దగ్గర నిలబడి ఉంది, గోడలో చేసిన కన్నం దానంతటదే మూసుకుపోయిందని రాశారు, ఊపిరితిత్తుల ఒత్తిడి 34. నీరు మందు ఆపేశారు, మెటోప్రొలాల్ సగం చేశారు. మళ్ళీ ఏడాదికి ఎకోకి రమ్మన్నారు.